తాళంచెవి ఎవరి చేతిలో?

 

లేపాక్షి అనగానే మీకు ఏది గుర్తుకు వస్తుంది? పెద్ద బసవన్న. ఒకే రాతిలో చెక్కిన నంది. ఎత్తు సుమారు 15 అడుగులు. పొడవు సుమారు 27 అడుగులు.

నంది ఎవరు? శివుడి వాహనం. ఎలుక వినాయకుడి వాహనం. నెమలి కుమారస్వామి వాహనం. మరి అమ్మవారికి? ఆమెకూ వాహనం ఉంది. దుర్గమ్మ సింహం మీద కూర్చుంటుంది. ఎవరి వెనకా కూర్చోదు. తానే కూర్చుంటుంది.

ఈ రోజు మాటలు రాతి నంది గురించి కాదు. ఆ నంది ముందు నుంచి రోజంతా పోతా ఉండే బండ్ల గురించి. హిందూపురం సంతకు పోయే ఆటో గురించి. వీధిలో నిలబెట్టిన స్కూటరు గురించి. ఇవి ఎక్కడ పుట్టాయి? ఎవరి కోసం పుట్టాయి? వీటి మీద ముందు ఎవరు కూర్చున్నారు, వెనక ఎవరు కూర్చున్నారు? ఆ కథ విందాం.

విమానాల ఫ్యాక్టరీలో స్కూటరు

ఇటలీ అని ఒక దేశం ఉంది. మన దేశానికి పడమర దిక్కున, చాలా దూరంలో ఉంది. 1939 నుంచి 1945 దాకా రెండో ప్రపంచ యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో ఇటలీ ఓడిపోయింది. ఊళ్ళ మీద బాంబులు పడ్డాయి. వంతెనలు కూలాయి. రోడ్లు గుంతలు పడ్డాయి. ఫ్యాక్టరీలు నేలమట్టం అయ్యాయి.

అక్కడ పొంతెదెరా అనే ఊరు ఉంది. ఆ ఊళ్ళో పియాజ్జియో అనే కంపెనీ వాళ్ళు విమానాలు తయారు చేసేవారు. బాంబులు పడి ఆ ఫ్యాక్టరీ పాడైపోయింది. యుద్ధం అయిపోయింది. ఇక యుద్ధ విమానాలు ఎవరికి కావాలి? పనివాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోవలసి వచ్చింది.

కంపెనీ యజమాని పేరు ఎన్రికో పియాజ్జియో. ఆయన ఇట్లా ఆలోచించాడు: జనం పనికి పోవాలి. సంతకు పోవాలి. కారు కొనే డబ్బు లేదు. తక్కువ ధరలో, తక్కువ పెట్రోలుతో పోయే బండి ఒకటి కావాలి.

ఆ పనిని కొర్రదీనో దస్కానియో అనే ఇంజనీరుకు అప్పగించాడు. ఈయన విమానాల ఇంజనీరు. హెలికాప్టరు తయారు చేయాలని ఏళ్ళ తరబడి కష్టపడినవాడు. ఆయనకు మోటారు సైకిలంటే గిట్టదు. ఎందుకు? దాని మీద కాలు పైకెత్తి ఎక్కాలి. గొలుసు నూనె బట్టలకు అంటుతుంది. టైరు పంచరైతే మార్చడం పెద్ద పని.

గిట్టనివాడికి ఆ పని ఇవ్వడమే మంచిదైంది. మోటారు సైకిలులోని ఒక్కొక్క ఇబ్బందికీ ఆయన ఒక్కొక్క ఉపాయం కనిపెట్టాడు.

కాలు పైకెత్తి ఎక్కే పని లేకుండా చేశాడు. సీటుకు ముందు ఖాళీ ఉంచాడు. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. గౌను వేసుకున్న ఆడవాళ్ళు కూడా సుఖంగా ఎక్కవచ్చు.

ఇంజన్ను వెనక చక్రం పక్కనే పెట్టాడు. దానికి రేకు మూత వేశాడు. గొలుసు తీసేశాడు. బట్టలకు నూనె అంటదు.

ముందు వెడల్పుగా రేకు పెట్టాడు. బురద, నీళ్ళు కాళ్ళ మీద చిందవు.

గేరును కాలి దగ్గర నుంచి తీసి, హ్యాండిల్ మీదికి తెచ్చాడు.

ముందు చక్రాన్ని ఒక పక్క నుంచే పట్టి ఉంచాడు. విమానం చక్రం అట్లాగే ఉంటుంది. దానివల్ల టైరు తొందరగా మార్చుకోవచ్చు.

1946 ఏప్రిల్ 23న ఈ కొత్త బండిని కంపెనీ తన పేరు మీద ప్రభుత్వం దగ్గర నమోదు చేయించింది. దాని నడుము సన్నం. వెనక భాగం లావు. నడిస్తే జుయ్యిమని చప్పుడు. అది చూసి ఎన్రికో, "కందిరీగలా ఉందే!" అన్నాడని చెబుతారు. ఇటలీ భాషలో కందిరీగను వెస్పా అంటారు. బండికి ఆ పేరే ఖాయమైంది.

జనం వాయిదాల మీద కొనుక్కున్నారు. మగవాళ్ళు కొన్నారు. ఆడవాళ్ళూ కొన్నారు. పదేళ్ళు తిరిగేసరికి, 1956లో, పది లక్షలవ వెస్పా ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది.

1947లో ఇంకో స్కూటరు వచ్చింది. మిలాన్ నగరంలో ఇనుప గొట్టాలు చేసే ఇన్నొచెంతి అనే ఆయన దాన్ని తయారు చేశాడు. దాని పేరు లాంబ్రెట్టా.

వెస్పా కంపెనీ వాళ్ళే తర్వాత మూడు చక్రాల బండి కూడా చేశారు. సరుకులు మోయడానికి చేశారు. కందిరీగ అయిపోయింది కదా. దీనికి తేనెటీగ అని పేరు పెట్టారు. ఇటలీ భాషలో తేనెటీగను ఆపె అంటారు.

ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? అవును. మన ఊళ్ళలో తిరిగే ఆపే ఆటో అదే. చెయ్యి ఎత్తితే ఆపుతారు కాబట్టి ఆ పేరు వచ్చిందని అనుకోవచ్చు. కాదు. తేనెటీగ కాబట్టి ఆ పేరు వచ్చింది. ఈసారి ఆటో ఎక్కినప్పుడు దాని మీద రాసి ఉన్న పేరును చూడండి.

పందెం కార్లు

అదే కాలంలో ఇటలీలో ఇంకో రకం బండ్లు కూడా తయారయ్యాయి. అవి డబ్బున్నవాళ్ళ పందెం కార్లు. మనకు సంక్రాంతికి ఎడ్ల పందాలు ఉన్నట్టు, వాళ్ళకు కార్ల పందాలు. ఎంజో ఫెరారీ అనే ఆయన 1947లో తన పేరుతో మొదటి కారు తయారు చేశాడు. ఆ కార్ల గుర్తు, ముందు కాళ్ళు ఎత్తిన నల్ల గుర్రం.

ఆ పందాలలో రెండు సంగతులు మనం తెలుసుకోవలసినవి.

మొదటిది ఒక ఆడమనిషి సంగతి. ఆమె పేరు మరియా తెరేజా దె ఫిలిప్పిస్. నేపుల్స్ నగరంలో 1926లో పుట్టింది. "నీకు వేగంగా కారు నడపడం రాదు" అని అన్నలు ఎగతాళి చేశారు. ఆమె మాటకు మాట చెప్పలేదు. 1948లో చిన్న ఫియట్ కారు తీసుకుని పందానికి పోయింది. మొదటి పందెమే గెలిచింది. అప్పుడు ఆమె వయసు 22 ఏళ్ళు.

పదేళ్ళ తర్వాత, 1958లో, ఫార్ములా వన్ పందాలలో ఆమె పోటీ చేసింది. కార్ల పందాలలో అవి అన్నిటికన్నా పెద్దవి. వాటిలో కారు నడిపిన మొదటి మహిళ ఆమే. బెల్జియం దేశంలో జరిగిన పందెంలో పదో స్థానంలో వచ్చింది. తర్వాత ఫ్రాన్సులో పందెం. అక్కడి పెద్దమనిషి ఆమెను రానివ్వలేదు. ఆడది పెట్టుకోవలసిన హెల్మెట్టు మంగళి షాపులో జుట్టు ఆరబెట్టే టోపీ ఒక్కటే అన్నాడట. ఈ సంగతి ఆమే తర్వాత చెప్పుకుంది.

చూశారా? ఇటలీ అయినా, ఫ్రాన్సు అయినా మాట ఒకటే. "నీకెందుకమ్మే బండి?" అనేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

రెండో సంగతి బాధపడవలసినది. మిల్లే మిల్యా అని ఒక పందెం ఉండేది. అంటే వెయ్యి మైళ్ళు. 1,600 కిలోమీటర్లు. ఆ పందెం మామూలు రోడ్ల మీదే జరిగేది. ఊళ్ళ మధ్య నుంచే కార్లు దూసుకుపోయేవి. జనం రోడ్డు పక్కన నిలబడి చూసేవారు.

1957 మే 12న ఒక ఫెరారీ కారు టైరు పేలింది. కారు జనం మీదికి దూకింది. చూడడానికి వచ్చిన తొమ్మిది మంది చనిపోయారు. వాళ్ళలో ఐదుగురు పిల్లలు. కారులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం రోడ్ల మీద అలాంటి పందాలు ఆపించింది. పందెం పెట్టాలంటే దానికి వేరే మైదానం ఉండాలి. రోడ్డు నడిచేవాళ్ళది, బడికి పోయే పిల్లలది.

ఈ మాట మనకూ అవసరమే. పెనుకొండ దగ్గర నుంచి బెంగళూరు, హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు ఉంది. ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆ రోడ్డు దాటేటప్పుడు గుండె దడదడలాడుతుంది. మీ ఇంట్లో కుర్రవాడు బండి మీద ఎగురుకుంటా పోతున్నాడా? ఇటలీలోని ఆ ఐదుగురు పిల్లల కథ అతనికి చెప్పండి. మీరే చదివి వినిపించండి.

స్కూటరు మన దేశానికి వచ్చింది

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే వెస్పా స్కూటర్లు మన దేశానికి వచ్చాయి. బజాజ్ కంపెనీ వాళ్ళు వాటిని తెప్పించి అమ్మేవారు. 1960 తర్వాత పియాజ్జియోతో ఒప్పందం చేసుకుని, మహారాష్ట్రలోని పూనాలో తామే తయారు చేశారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. చేతక్ అనేది రాణా ప్రతాప్ గుర్రం పేరు.

లాంబ్రెట్టా కథ ఇంకా వింత. ఇటలీలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మన కేంద్ర ప్రభుత్వం అందులోని యంత్రాలను కొన్నది. లక్నోలో 1972లో స్కూటర్స్ ఇండియా అనే కంపెనీ పెట్టింది. అక్కడ తయారైనదే విజయ్ సూపర్. మన హైదరాబాదులో ఆల్విన్ కంపెనీ వాళ్ళు కూడా లాంబ్రెట్టా జాతి స్కూటరు ఒకటి అమ్మారు. దాని పేరు పుష్పక్. రామాయణంలోని పుష్పక విమానం పేరు పెట్టారన్న మాట.

ఇప్పుడు ఈ కంపెనీల స్కూటర్లు పాతబడిపోయాయి. కానీ మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే ఇంటి ముందు స్కూటరును ఒక పక్కకు వంచడం. మళ్ళీ నిలబెట్టడం. కిక్కు మీద కిక్కు కొట్టడం. "ఇంకొకటి కొట్టు మామా" అని అరుగు మీది వాళ్ళు చెప్పడం. చివరికి తెల్లటి పొగ. ఆ పొగ ఎందుకు? ఆ ఇంజన్లో పెట్రోలుతో పాటు ఆయిలు కూడా కలిపి పోయాలి. ఆయిలు కూడా కాలుతుంది. అందుకే పొగ.

ఆ రోజుల్లో స్కూటరు దొరకడం గగనం. ఎన్ని బండ్లు తయారు చేయాలో ప్రభుత్వమే లెక్క కట్టి అనుమతి ఇచ్చేది. కొనేవాళ్ళు ఎక్కువ. బండ్లు తక్కువ. డబ్బు కట్టి పేరు రాయించుకుంటే, బజాజ్ స్కూటరు చేతికి రావడానికి పదేళ్ళు కూడా పట్టేది. బిడ్డ పుట్టినప్పుడు పేరు రాయిస్తే, బిడ్డ నాలుగో తరగతికి వచ్చాక బండి వచ్చినట్టు.

దొరకని వస్తువుకు విలువ ఎక్కువ. మరి ఆ విలువ ఎవరి మెడకు చుట్టుకుంది?

ఆడపిల్ల మెడకు చుట్టుకుంది.

"పిల్లవాడు ఉద్యోగస్థుడు. ఒక స్కూటరు ఇప్పించండి చాలు." ఈ మాట ఎన్ని పెళ్ళి చూపుల్లో వినపడింది! కట్నంలో స్కూటరు ఒక భాగం అయిపోయింది. ఆడపిల్ల తండ్రి చేను కుదువ పెట్టాడు. తల్లి గాజులు కుదువ పెట్టింది. బండి వచ్చింది. బండికి పసుపు కుంకుమ పెట్టారు. నిమ్మకాయలు తొక్కించారు. అల్లుడు ముందు కూర్చున్నాడు. ఆమె వెనక ఒక పక్కకు తిరిగి కూర్చుంది. ఒళ్ళో బిడ్డ. చేతిలో సంచి.

బండి వచ్చింది ఆమె పుట్టింటి డబ్బుతో. తాళంచెవి ఉన్నది అతని జేబులో.

కట్నం అడగడం నేరం అని చట్టం 1961లోనే వచ్చింది. ఇవ్వడం కూడా నేరమే. చట్టం పుస్తకంలో ఉంది. స్కూటరు పెళ్ళి పందిట్లో ఉంది.

గుర్తు చేసుకోండి. స్కూటరును తయారు చేసిన ఇంజనీరు ఏం చేశాడు? గౌను వేసుకున్న ఆడవాళ్ళు కూడా ఎక్కి నడిపేటట్టు ముందు ఖాళీ ఉంచాడు. మన దగ్గర ఆ ఖాళీలో ఏం పెట్టారు? బియ్యం మూట పెట్టారు. గ్యాసు సిలిండరు పెట్టారు. ధర్మవరంలో చీరల మూట పెట్టారు. ఆడమనిషిని మాత్రం వెనకనే కూర్చోబెట్టారు.

ముందు సీటుకు వచ్చిన ఆడవాళ్ళు

తర్వాత కాలం మారింది. గేర్లు లేని బండ్లు వచ్చాయి. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. కిక్కు కొట్టే పని లేదు. మీట నొక్కితే చాలు. 1990లలో టీవీఎస్ వాళ్ళ స్కూటీ వచ్చింది. 2000 తర్వాత యాక్టివా వచ్చింది. ఇప్పుడు కరెంటుతో ఛార్జింగు పెట్టుకునే స్కూటర్లూ వచ్చాయి. పాత చేతక్ కూడా 2020లో కరెంటు బండిగా తిరిగి వచ్చింది.

ఇప్పుడు టీచరమ్మలు, నర్సమ్మలు, కాలేజీ పిల్లలు స్కూటీ మీద పోతా ఉన్నారు. మరి చదువు ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళు? వాళ్ళకు బండి నడపడం వస్తుందా?

వస్తుంది. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అక్షరాలతో పాటు ఆడవాళ్ళు సైకిలు కూడా నేర్చుకున్నారు. కూలిపని చేసేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు నేర్చుకున్నారు. జనం నవ్వారు. ఆడవాళ్ళు పడ్డారు, లేచారు, మళ్ళీ తొక్కారు. వేలాది మంది నేర్చుకున్నారు. బస్సు కోసం కాచుకునే పని తప్పింది. పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, నీళ్ళ బిందె వెనక కట్టుకుని పోయారు.

అక్షరం నేర్చుకోవడం, బండి నేర్చుకోవడం ఒకే రకం. మొదట చెయ్యి వణుకుతుంది. తర్వాత చెయ్యి మాట వింటుంది.

చదివి తెలుసుకోవలసినవి

బండి నడపాలంటే లైసెన్సు కావాలి. స్కూటరుకు 18 ఏళ్ళు నిండి ఉండాలి. మొదట ఎల్.ఎల్.ఆర్. ఇస్తారు. అది ఆరు నెలలు పనిచేస్తుంది. దానికి చిన్న పరీక్ష ఉంటుంది. రోడ్డు గుర్తుల గురించి అడుగుతారు. ఎల్.ఎల్.ఆర్. వచ్చిన 30 రోజుల తర్వాత బండి నడిపి చూపించాలి. సొంత స్కూటరుకు బడి సర్టిఫికెట్టు అడగరు. ఆటో నడిపి సంపాదించుకోవాలంటే ఒకప్పుడు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. 2019లో ఆ నిబంధన తీసేశారు.

ముందు కూర్చున్నా, వెనక కూర్చున్నా హెల్మెట్టు పెట్టుకోవాలి. తల ఇద్దరిదీ తలే.

చీర కొంగు చక్రంలో చుట్టుకుని ఎంతోమంది పడిపోయారు. అందుకే వెనక చక్రాన్ని కనీసం సగం దాకా కప్పే అడ్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనలలో ఉంది. కొందరు కుర్రవాళ్ళు అందం కోసం దాన్ని పీకేస్తారు. మీ ఇంటి బండికి అది ఉందా? చూడండి. కొంగును నడుముకు దోపుకోండి. చున్నీని ముడి వేసుకోండి.

ఇక చివరి మాట. ప్రతి బండికీ ఆర్.సి. ఉంటుంది. కొందరు సీ బుక్కు అంటారు. బండి ఎవరిదో అందులో రాసి ఉంటుంది. ఆ పేరుగల మనిషి సంతకం లేకుండా బండిని అమ్మడానికి లేదు. పుట్టింటి డబ్బుతో వచ్చిన బండి కావచ్చు. పొదుపు సంఘం అప్పుతో వచ్చిన బండి కావచ్చు. ఆ కాగితాన్ని మీరు ఎప్పుడైనా చూశారా? ఇంతకాలం చూసినా చదవలేకపోయారు. ఇప్పుడు చదవగలరు.

ఈ రోజు ఇంటికి పోయి బీరువాలో ఉన్న ఆ కాగితం తీయండి. పేరు చదవండి. బండి నంబరు చదవండి. ఇన్సూరెన్సు ఏ తేదీ దాకా ఉందో చదవండి. ఇంట్లో ఇంకో బండి కొనే మాట వచ్చినప్పుడు, "ఈసారి నా పేరున రాయించండి" అని అడగండి. ఆ తర్వాత తాళంచెవి అడగండి. పొద్దుపోయాక ఖాళీ మైదానంలో నేర్చుకోండి. తెలిసిన అక్కో, తమ్ముడో పక్కన ఉంటే చాలు.

దుర్గమ్మకు సింహం మీద ఎక్కడం ఎవరు నేర్పారో మనకు తెలియదు. మీకు స్కూటరు నేర్పడానికి మీ కూతురే చాలు.

సెలవు.

కూర్చుని మాట్లాడుకోండి

1. ఆపే ఆటోకు ఆ పేరు ఎట్లా వచ్చింది?

2. స్కూటరు ముందు భాగంలో ఖాళీ ఎందుకు ఉంచారు?

3. మీ ఊళ్ళో కట్నం కింద బండి ఇచ్చిన ఇళ్ళు ఉన్నాయా? ఆ బండి ఎవరి పేరున ఉంది?

4. మీలో బండి నడపడం వచ్చినవాళ్ళు ఎంతమంది? నేర్చుకోవాలని ఉన్నవాళ్ళు ఎంతమంది? పేర్లు ఒక కాగితం మీద రాయండి.